కొల్లేటి పక్షులు – టెలిఫోటో లెన్సు

పుష్యమాసపు ఉదయం పెదపాడు నుంచి కొల్లేటి దిగువ గ్రామాల వైపు సాగే దారిలో ఏ చెరువుగట్టు మీద నిలిచినా ఒక దృశ్యం కంటబడుతుంది. మంచు ఇంకా పూర్తిగా విడిపోదు. నీటిమీద నుంచి గూడబాతులు వరుస కట్టి లేస్తాయి. ముందున్న పక్షి నాలుగైదుసార్లు రెక్కలు ఆడించి, ఆపి, గాలిలో జారుతుంది. వెనుకనున్నవి ఒకదాని తరువాత ఒకటిగా అదే పని చేస్తాయి. ఆ సొగసు చూచినవారు చేతిలోని కెమేరానో, సెల్‌ఫోనునో ఎత్తకుండా ఉండలేరు. ఇంటికి వచ్చి చూచుకొంటే బొమ్మనిండా ఆకాశమూ, అందులో నాలుగు నల్లని చుక్కలూ కనబడతాయి. "ఇవేమిటి, దోమలా?" అని పిల్లలు అడుగుతారు.

ఈ ఆశాభంగానికి కారణం ఒక చిన్న లెక్కలో ఉన్నది. దూరపు వస్తువు నుంచి వచ్చిన కాంతిని లెన్సు ఎంత దూరాన బింబంగా కూడగట్టుతుందో ఆ దూరాన్ని నాభ్యంతరం అంటారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాలకు సాధారణంగా 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల లెన్సు ఉండేది. పెద్ద గూడబాతు ముక్కు కొస నుంచి తోక వరకు ఇంచుమించు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. అది మనకు 60 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాము. 50 మిల్లీమీటర్ల లెన్సు ఫిల్ముమీద దాని బింబాన్ని ఒకటింబావు మిల్లీమీటరు పొడవున వేస్తుంది, అంటే ఆవగింజంత. అక్కడే నిలిచి 400 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే అదే బింబం 10 మిల్లీమీటర్లు అవుతుంది. నాభ్యంతరం ఎన్ని రెట్లు పెరిగితే బింబం అన్ని రెట్లు పెరుగుతుంది. పక్షి చిత్రాలు తీసేవారు పొడుగాటి లెన్సులు మోసుకొని తిరగడంలోని రహస్యం ఇంతే.

పక్షి దగ్గరకు మనమే వెళ్ళితే సరిపోదా అని ఎవరైనా అడుగవచ్చును. లెక్క ప్రకారం సరిపోతుంది. 60 మీటర్ల దూరాన్ని ఏడున్నర మీటర్లకు తగ్గిస్తే 50 మిల్లీమీటర్ల లెన్సు కూడ 10 మిల్లీమీటర్ల బింబాన్నే ఇస్తుంది. కాని పక్షి ఆ లెక్కకు ఒప్పుకోదు. మనము నడుస్తూ ఉండగానే అది లేచిపోతుంది. అందుచేత టెలిఫోటో లెన్సును పక్షిని దగ్గరకు లాగే సాధనంగా కాక, మనలను దూరాన నిలిపి ఉంచే సాధనంగా భావించడం మంచిది. ఈ ఒక్క మాట మనస్సులో ఉంటే ఆ లెన్సును ఎట్లా వాడవలెనో, దానికి ఏయే పరికరాలు తోడు కావలెనో చాలవరకు తెలిసిపోతుంది.

ముందుగా లెన్సు నిర్మాణం గురించి రెండు మాటలు. నాభ్యంతరం పెరిగితే గొట్టం పొడవు కూడ పెరగవలసి వస్తుంది. ఆ పొడవును తగ్గించే ఉపాయాన్ని 1891లో ఇంగ్లండులో థామస్ డాల్‌మేయరు, జర్మనీలో అడోల్ఫ్ మీథె వేరువేరుగా రూపొందించారు. ముందువైపు కాంతిని కేంద్రీకరించే కటకాలు, వెనుకవైపు దానిని ఒకింత విప్పే కటకాలు అమర్చితే, నాభ్యంతరం పెద్దదిగానే ఉండి గొట్టం పొట్టిదవుతుంది. నిజానికి టెలిఫోటో అనే పేరు ఈ అమరికది. వాడుకలో మాత్రం దూరపు వస్తువులను పెద్దవిగా చూపే లెన్సులన్నిటినీ అట్లాగే పిలుస్తున్నారు.

లెన్సుమీద నాభ్యంతరంతోపాటు ఎఫ్ అనే అక్షరం పక్కన మరొక సంఖ్య ఉంటుంది. నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఆ సంఖ్య. 400 మిల్లీమీటర్ల లెన్సుకు ఆ సంఖ్య 5.6 అయితే ద్వారం సుమారు 71 మిల్లీమీటర్లు. అదే 2.8 కావలెనంటే 143 మిల్లీమీటర్లు; అంటే ముందరి అద్దం చిన్న పళ్ళెమంత ఉండవలెను. మబ్బు పట్టిన ఉదయాన అటువంటి లెన్సు ఇచ్చే కాంతి సమృద్ధిగానే ఉంటుంది. కాని దాని బరువుకు భుజమూ, ధరకు సంసారమూ కుంగిపోతాయి. వ్యాపకంగా ఫోటోలు తీసుకొనేవారికి 400 మిల్లీమీటర్ల వరకు సాగే జూమ్ లెన్సు చాలును. పెక్కు డిజిటల్ కెమేరాలలో సెన్సారు పాత ఫిల్ము చట్రం కంటే చిన్నది. వాటిలో కొన్నింటిలో 400 మిల్లీమీటర్ల లెన్సు 600 మిల్లీమీటర్ల లెన్సు చూపినంత ఇరుకైన దృశ్యాన్ని చూపుతుంది. బింబం పెరగదు, చుట్టూ ఉన్న ఖాళీ తగ్గి, చట్రంలో పక్షి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

లెన్సుకూ, కెమేరాకూ మధ్య అమర్చే కన్వర్టరు అనే చిన్న కటకం ఒకటి ఉన్నది. 1.4 రెట్ల కన్వర్టరు 400 మిల్లీమీటర్లను 560గా మారుస్తుంది. కాని లోపలికి వచ్చే కాంతి సగమవుతుంది. రెండు రెట్లదైతే 800 మిల్లీమీటర్లు లభిస్తాయి గాని కాంతి నాలుగవ వంతే మిగులుతుంది; బింబంలో స్ఫుటత్వమూ తగ్గుతుంది. అద్దాల ప్రతిఫలనంతో పనిచేసే 500 మిల్లీమీటర్ల తేలిక లెన్సులు కూడ చౌకగా దొరుకుతాయి. వాటితో తీసినప్పుడు, దృష్టికి అందని నీటి తళుకులన్నీ గాజుల వలె గుండ్రని వలయాలుగా పడతాయి. కొల్లేరు వంటి చోట ఈ సంగతి ముందుగా తెలిసి ఉండడం మేలు.

ఇక ఉపకరణాలు. పక్షిని పెద్దది చేసే లెన్సు మన చేతి వణుకును కూడ అంతే పెద్దది చేస్తుంది. చేతితో పట్టి తీసేటప్పుడు నాభ్యంతరం ఎంతయితే షట్టరు వేగం సెకనులో అన్నోవంతు కంటే మందగించరాదని పాతకాలం నుంచి ఒక నియమం ఉన్నది. 400 మిల్లీమీటర్ల లెన్సుకు సెకనులో 500వ వంతు అనుకొంటే క్షేమం. ఇప్పటి లెన్సులలో వణుకును సవరించే ఏర్పాటున్న మాట నిజమే. అది మన చేతిని స్థిరపరుస్తుంది గాని పక్షి రెక్కను ఆపలేదు. ఎగిరే పక్షికి సెకనులో 1000వ వంతు, నీటిలోకి దూకే లకుముకిపిట్టకు 2000వ వంతు లేక అంతకన్న వేగం కావలెను.

మూడుకాళ్ళ స్టాండు కొనేటప్పుడు తేలికదని మురిసిపోరాదు. బరువైన లెన్సుకు దాని నడుమనే ఒక పట్టీ ఉంటుంది. స్టాండును కెమేరాకు కాక ఆ పట్టీకి బిగించవలెను. అప్పుడు బరువు ముందుకు వాలిపోదు. స్టాండు నడిమి కడ్డీని పైకి లేపితే గాలికి ఊగుతుంది కనుక కాళ్ళనే చాపుకోవలెను. చెరువుగట్టు బురదలో కాళ్ళు దిగబడకుండా ఒక్కొక్క కాలి క్రింద ఒక కొబ్బరిచిప్ప బోర్లించి పెట్టుకోవచ్చును. ఎగిరే పక్షులను వెంబడించేవారికి, లెన్సును ఉయ్యాలవలె పట్టి అన్నివైపులకూ సులభంగా తిప్పనిచ్చే గింబల్ తల ఉపయోగపడుతుంది. నడక ఎక్కువైనప్పుడు ఒంటికాలి స్టాండు చాలును.

అన్నిటికన్న చౌకైన ఉపకరణం గుడ్డసంచి. గట్టి గుడ్డతో జానెడు సంచి కుట్టించి, ఖాళీగా తీసుకొని వెళ్ళి, ఊళ్ళో రెండు శేర్ల ధాన్యం పోయించుకొంటే, కారు కిటికీ మీదనో, పిట్టగోడ మీదనో పెట్టి లెన్సును దానిమీద ఆనించవచ్చును. కారు ఇంజను ఆపడం మరువరాదు. కారు మంచి చాటు కూడ అవుతుంది. దారిపక్క తీగలమీది పాలపిట్ట నిలిచిన కారును చూచి సామాన్యంగా బెదరదు. తలుపు తీసి మనిషి దిగితే లేచిపోతుంది. పడవలో మాత్రం మూడుకాళ్ళ స్టాండు పనికిరాదు. పడవ అదురంతా కాళ్ళగుండా లెన్సుకు ఎక్కుతుంది. అక్కడ చేతులనే ఆధారం చేసుకొని, మోచేతులు పక్కలకు ఆనించి తీయడమే మేలు.

ముందరి అద్దానికి నీడనిచ్చే గొట్టం, అంటే హుడ్డు, తప్పక ఉండవలెను. అది పక్కవాటపు ఎండను ఆపుతుంది. అద్దానికి దెబ్బ తగలకుండ కూడ కాపాడుతుంది. కొల్లేటి ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది. పని ముగిసిన తరువాత గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో భద్రపరచవలెను. చల్లని గది నుంచి ఒక్కసారిగా వెలుపలికి తెస్తే అద్దాలమీద ఆవిరి కమ్ముతుంది. సంచీ మూసియుంచి పావుగంట గడిచిన తరువాత తీయవలెను. ధూళిని ముందు గాలితిత్తితో ఊది, ఆ తరువాతనే మెత్తని గుడ్డ తాకించవలెను.

లెన్సు అదనంగా పెద్దది చేసే వస్తువు మరొకటి ఉన్నది: గాలి. పొద్దెక్కిన కొద్దీ గట్లు వేడెక్కి, నీటిపై గాలి అలలు అలలుగా కదులుతుంది. నూరు మీటర్ల ఆవలి పక్షి ఆ గాలిగుండా కరిగినట్లు కనబడుతుంది. ఎంత విలువైన లెన్సయినా దీనిని సవరించలేదు. కనుక తెల్లవారగానే, సూర్యుడు మన వెనుక ఉండేటట్లు నిలబడి, పక్షి కన్ను ఎత్తుకు వంగి చిత్రం తీయవలెను.

దృష్టి పక్షి కంటిమీదనే నిలపవలెను. 400 మిల్లీమీటర్ల లెన్సుతో, 20 మీటర్ల దూరంలో, ఎఫ్ 5.6 వద్ద, ముందు వెనుకలు కలిపి స్పష్టంగా వచ్చే మేర ఇంచుమించు 80 సెంటీమీటర్లు మాత్రమే. రెక్కలు చాచిన గూడబాతు వెడల్పు రెండు మీటర్లకు పైమాట. రెక్క కొస చెదిరినా ఫరవాలేదు. కన్ను చెదిరితే చిత్రం లేదు. తెల్లకొంగ విషయంలో మరొక చిక్కున్నది. కెమేరాలోని కాంతిమాపకం దృశ్యమంతా సగటు బూడిదరంగులో ఉన్నదని భావించి పనిచేస్తుంది. నల్లని నీటి ముందు తెల్లకొంగ నిలిస్తే ఆ నీటిని చూచి కాంతిని పెంచుతుంది. కొంగ ఈకలన్నీ సున్నం పూసినట్లు తెల్లబోతాయి. అప్పుడు కాంతిని కొంత తగ్గించవలెను. తెల్లని ఆకాశం ముందు ఎగిరేటప్పుడు ఇందుకు విరుద్ధంగా పెంచవలెను.

ఇప్పుడు దూరం సంగతికి తిరిగి వద్దాము. పక్షుల ఛాయాచిత్రాల చరిత్రలో లెన్సు ఎంత ముఖ్యమో, మరుగున కూర్చొనే ఓర్పు అంత ముఖ్యం. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే సోదరులు 1892లో గుడ్లున్న గూటిని సహజస్థితిలో చిత్రించారు. పక్షులు బెదరకుండా ఉండడానికి లోపల బోలుగా ఉన్న ఎద్దుబొమ్మను చేసి అందులో దాగినవారు వీరే. ఎరిక్ హాస్కింగ్ అనే మరొక ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు 1937లో గుడ్లగూబ గూడు దగ్గర పనిచేస్తూ ఉండగా ఆ పక్షి ముఖంమీద తన్ని ఒక కన్ను పోగొట్టింది. గూటి దగ్గర మనిషిని పక్షి శత్రువుగానే చూస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. గుడ్లగూబ వలె ఎదిరించలేని పక్షులు గూడు విడిచి పోతాయి.

నేను ఇది పుస్తకంలో నేర్చుకోలేదు. పదిహేనేండ్ల క్రిందట కొల్లేటిలో ఒక మూల గూడబాతులు గూళ్ళు పెట్టిన తుమ్మచెట్ల వైపు దోనెలో వెళ్ళాను. నా వద్దనున్నది 200 మిల్లీమీటర్ల లెన్సు. చెట్లు ఇంకా దూరాన ఉండగానే దోనె నడిపే పెద్దమనిషి గెడ ఆపి, "ఇక్కడే ఆపుదామండి బాబుగారూ, గుడ్లమీదున్నాయండి" అన్నాడు. "ఇంకొక్క పది గజాలు" అన్నాను. ఆయన మారు మాటాడలేదు. పది గజాలు ముప్పది గజాలైనవి. ఒక్కసారిగా చెట్లన్నీ లేచినట్లు పక్షులు లేచాయి. నేను తలవంచుకొని చిత్రాలు తీస్తూనే ఉన్నాను. తల ఎత్తేసరికి రెండు కాకులు గూళ్ళమీద వాలి ఉన్నవి. ఒక కాకి గుడ్డును పొడిచి, పచ్చసొన కారుతూ ఉండగా తినడం స్పష్టంగా చూచాను. దోనె వెనుకకు తిప్పించాను. గూడబాతులు చాలసేపటి వరకు పైన తిరుగుతూనే ఉన్నవి. తిరిగివచ్చేదాకా ఆ పెద్దమనిషి నన్ను ఒక్క మాట అనలేదు. ఆనాటి చిత్రాలలో ఒకటి ఎంతో బాగా వచ్చింది. ఇంటికి వచ్చినవారెవరికీ నేను దానిని చూపలేదు.

కొల్లేటికి ఈ విషయంలో తనదైన చరిత్ర కూడ ఉన్నది. కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ 1946లో ఈ ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి, 1949లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దానిని వర్ణించారు. 1970-80ల మధ్యకు వచ్చేసరికి ఆ స్థావరం లేకుండపోయింది. తరువాతి కాలంలో సరస్సు గర్భమంతా చేపల చెరువుల గట్లతో నిండింది. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువుగట్లను పెద్ద ఎత్తున తొలగించారు. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడుతున్నవి. చెట్లు చాలనందున అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపారు. పక్షులు వాటిని స్వీకరించాయి. ఒకసారి పోయిన పక్షి మరల వచ్చి గూడు కట్టుకొన్న చోట మనము నిలబడుతున్నామన్న సంగతి కెమేరా ఎత్తే ముందు స్మరించవలెను.

మనుష్యులంటేనే పక్షికి భయమని అనుకోరాదు. గుంటూరు సమీపాన ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్లమీదనే వేలాది పక్షులు కాపురముంటాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇండ్ల మధ్య చింతచెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. అక్కడి జనం తమ పని తాము చూచుకొంటారు, గూళ్ళవంక నడిచిరారు. తనవైపు కన్నువేసి తిన్నగా నడిచివచ్చే మనిషిని పక్షి వేటగాడుగా ఎంచుతుంది. అందుచేత పక్షి ఉన్న దిక్కుకు నేరుగా పోక, ఏటవాలుగా, ఆగి ఆగి నడవవలెను. మేత మాని తల నిక్కించి చూచినా, మెడ చాచి అటూ ఇటూ అడుగులు వేసినా, అది మనకు చెప్పే మాట ఒక్కటే: అక్కడే ఆగుమని. ఆ గుర్తు కనబడిన చోట ఆగితే, కొంతసేపటికి పక్షి మరల మేతకు దిగుతుంది. మంచి చిత్రాలు అప్పుడు వస్తాయి.

మరొక హెచ్చరిక. రికార్డు చేసిన పక్షికూతను ఫోనులో వినిపించి పక్షిని రప్పించే అలవాటు కొందరిలో ప్రబలుతున్నది. ఆ కూత విన్న పక్షి తన హద్దులోకి మరొక పక్షి చొరబడిందని నమ్మి, మేతనూ, గూటినీ విడిచి పోరుకు వస్తుంది. ధ్వనిని నమ్ముకొని బ్రతికే వృత్తిలో ఉన్నవాడను కనుక ఈ మాట గట్టిగా చెప్పే బాధ్యత నాకున్నది. ధ్వనిని మోసానికి వాడరాదు. గూళ్ళమీదుగా డ్రోనులు ఎగురవేయడం, గూటికి అడ్డమున్న కొమ్మలను విరవడం కూడ ఇటువంటివే. నీడనిచ్చే కొమ్మ పోతే పిల్లలు ఎండకు మాడిపోతాయి.

ఈ వ్యాసం చదివి వెంటనే పెద్ద లెన్సు కొనవలెనని ఎవరూ అనుకోనక్కరలేదు. ముందు ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులరు ఒకటి సంపాదించి, ఒక శీతకాలం పక్షులను ఊరక చూడండి. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకొనే కొయ్య ఏదో, నత్తగుల్ల కొంగ ఏ వేళకు ఏ మడిలో దిగుతుందో, ఉత్తరాది నుంచి వలసవచ్చే బాతులు ఏ మడుగు కోరతాయో తెలుస్తుంది. లెన్సు అద్దెకు దొరికితే ఒకరోజు తెచ్చి బరువు చూచుకోండి. ఆ తరువాత కొన్న లెన్సు మూలపడదు.

ఆటపాకకు నేను ఇప్పటికీ ప్రతి ఏడూ వెళుతూ ఉంటాను. ఇప్పుడు నా వద్ద 400 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నది. ధాన్యం సంచీ ఉన్నది. గట్టుమీద కూర్చొని తీస్తాను. తీసిన తరువాత సామాను సర్దుకొని, వెళ్ళే ముందు ఒకసారి వెనుదిరిగి గూళ్ళవైపు చూస్తాను. పక్షులు ఎక్కడివక్కడ కూర్చొని ఉంటే ఆనాటి పని బాగా జరిగినట్లు. చిత్రాలు ఎట్లా వచ్చినవో ఇంటికి పోయి తీరికగా చూచుకోవచ్చును.